ఇది ఏ రకం ప్రేమ? పాత పద్యాల్లో వలపు, అలుక, విరహం, భక్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రేమ, రతి, శృంగారం, వలపు... ఇవన్నీ ఒకటేనా?

వాడుకలో ఒకదాని బదులు ఇంకొకటి అనేస్తాం కానీ, అలంకారశాస్త్రంలో, అంటే కావ్యాలను విశ్లేషించే శాస్త్రంలో, దేని చోటు దానిదే. రతి అంటే మనసులో నిలిచి ఉండే ఇష్టం. దాన్ని స్థాయిభావం అంటారు. ఆ రతి కావ్యంలో పండి చదివేవాళ్లకు ఆస్వాదించదగ్గదైతే అప్పుడది శృంగార రసం. అంటే రతి పాత్రది, శృంగారం పాఠకుడిది.

ఇక అచ్చతెలుగు మాటలు. వలపులో కోరిక పాలు ఎక్కువ. కూరిమి కలిసి మెలగడం వల్ల పెరిగేది. నెయ్యం అంటే స్నేహమే. సంస్కృతంలో స్నేహానికి నూనె, జిడ్డు అనే అర్థాలూ ఉన్నాయి, కాబట్టి పట్టుకుని వదలని గుణం ఆ మాటలోనే ఉంది. పద్యంలో కవి ఈ మూడింట్లో ఏది వాడాడో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. శాస్త్రంలో సంభోగ శృంగారం అంటే ఈనాటి వాడుకలో ఉన్న ఇరుకు అర్థం కాదు. ఇద్దరూ ఒకచోట ఉండి చూసుకోవడం, మాట్లాడుకోవడం, తోటలో నడవడం కూడా సంభోగమే. ఈ మాట దగ్గరే చాలామంది సిగ్గుపడి పుస్తకం మూసేస్తారు, పాపం.

ప్రేమంటే ఇదీ అని సూటిగా చెప్పిన పాత నిర్వచనం ఉందా?

రెండు ఉన్నాయి, రెండూ వేరు వేరు దారులు.

మొదటిది నారద భక్తిసూత్రాల్లోది. 'అనిర్వచనీయం ప్రేమస్వరూపం' అంటుంది, అంటే ప్రేమ ఇలా ఉంటుందని చెప్పడం కుదరదు. వెంటనే 'మూకాస్వాదనవత్' అని పోలిక ఇస్తుంది: మూగవాడు రుచి చూసినట్టు. రుచి తెలుసు, చెప్పడానికి నోరు లేదు. చెప్పలేమని అన్నాక కూడా ఊరుకోకుండా మరికాస్త ముందుకెళ్లి ఆరు లక్షణాలు చెబుతుంది: గుణాలతో పని లేదు, కోరిక లేదు, క్షణక్షణం పెరుగుతుంది, తెగదు, అతిసూక్ష్మం, అనుభవం రూపంలోనే ఉంటుంది.

రెండోది 8వ శతాబ్దపు భవభూతిది, ఉత్తరరామచరితం మొదటి అంకంలో. 'అద్వైతం సుఖదుఃఖయోః' అని మొదలయ్యే శ్లోకం. సుఖంలోనూ దుఃఖంలోనూ ఒకటిగా ఉండేది, అన్ని అవస్థల్లోనూ వెంట నడిచేది, మనసుకు విశ్రాంతి దొరికే చోటు, ముసలితనం కూడా హరించలేని రుచి, కాలం గడిచి తెరలు తొలగాక స్నేహసారంగా మిగిలేది. దాంపత్య ప్రేమకు ఇంతకన్నా నిండైన నిర్వచనం మన కావ్యాల్లో చూపడం కష్టం. అయితే ఈ మాటలు ఎప్పుడు వస్తాయో చూడండి. సీత రాముడి చేయి తలగడగా పెట్టుకుని నిద్రపోతోంది. అతను ఆమెను చూస్తూ అంటాడు. కాసేపటికే గూఢచారి దుర్ముఖుడు లోకనింద మోసుకుని వస్తాడు, రాముడు ఆమెను అడవికి పంపే నిర్ణయం తీసుకుంటాడు. నిర్వచనాన్ని శ్లోకంలోంచి తెంపి పెళ్లిపత్రిక మీద అచ్చువేస్తే ఈ సంగతి జారిపోతుంది.

పద్యం చదివి, ఇది ఏ రకం ప్రేమో ఎలా తేల్చాలి?

భావం ఎంత గాఢంగా ఉందని చూడకండి, దానికి కొలత లేదు. మన ఆలంకారికులు ప్రేమను విడదీసింది సందర్భాన్ని బట్టి. కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో? ఇప్పుడు ఆ ఇద్దరి మధ్య దూరం ఎంత, ఎందుకు వచ్చింది?

ఒక పద్యం మీద చూద్దాం. నంది తిమ్మన పారిజాతాపహరణంలో నారదుడు తెచ్చిన పారిజాత పుష్పాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. సంగతి చెలికత్తె వచ్చి చెప్పగానే సత్యభామ 'వ్రేటువడ్డ యురగాంగన'లా, అంటే దెబ్బతిన్న ఆడపాములా లేస్తుంది. కోపగృహం చేరుతుంది. కృష్ణుడు వచ్చి కాళ్ల మీద పడితే ఎడమకాలితో తల తోసేస్తుంది. అప్పుడతను అనే మాట:

నను భవదీయ దాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తాఁ
చిన యది నాకు మన్ననయ...

మాట్లాడేది తన్నించుకున్నవాడు, తన్నిన మనిషితోనే. దూరం లేదు, ఒకే గదిలో ఉన్నారు, అయినా ఆమె మనసు ఎక్కడో ఉంది. కారణం మరో స్త్రీ. ఈ మూడూ కలిస్తే జవాబు: ఈర్ష్యామానం, అంటే అసూయతో వచ్చిన అలుక. ఇది విప్రలంభంలో, అంటే ఎడబాటు శృంగారంలో, ఒక రకం. ఇక మాటల్లోకి వెళ్తే 'నెయ్యపుఁ గిన్క' ఉంది. నెయ్యం వల్ల పుట్టిన కినుక. ఆ కోపానికి అడుగున ఉన్నది స్నేహమేనని కృష్ణుడు పేరుపెట్టి మరీ చెబుతున్నాడు. ఆ ఒక్క విశేషణం తీసేస్తే మిగిలేది ఉత్త తగాదా.

ఇందులో ఇంకో తమాషా ఉంది. మానం తీర్చడానికి శాస్త్రం ఆరు ఉపాయాలు చెబుతుంది: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం. నతి అంటే కాళ్ల మీద పడటం. తిమ్మన కృష్ణుడు ముందు బతిమాలి, తర్వాత నతికి దిగి, అదీ పనిచేయక చివరికి పారిజాత వృక్షాన్నే తెచ్చిస్తానంటాడు. అది దానం. జాబితాను కథగా మార్చడం ఎలాగో తెలుసుకోవాలంటే ఈ ఘట్టమే చదవాలి.

విప్రలంభం అంటే విరహమే కదా? మళ్లీ రకాలెందుకు?

విరహం అందులో ఒక భాగం. విశ్వనాథుడు 14వ శతాబ్దంలో రాసిన సాహిత్యదర్పణం విప్రలంభాన్ని నాలుగుగా విడదీస్తుంది.

పూర్వరాగం: ఇంకా కలవకముందే పుట్టిన ఇష్టం. ఇది చూడటం వల్లయినా వినడం వల్లయినా పుట్టవచ్చు. చూడటమంటే ఎదురుగానే కానక్కర్లేదు, చిత్రంలో, కలలో, ఇంద్రజాలంలో చూసినా సరే. పోతన రుక్మిణిది వినడం వల్ల పుట్టింది. అందుకే ఆమె సందేశంలో చెవులే ముందొస్తాయి: 'ప్రాణేశ! నీ మంజు భాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల?' కళ్ల ప్రస్తావన ఆ తర్వాతే.

మానం: పైన చూశాం. కారణం లేకుండా వచ్చే ప్రణయమానం కూడా ఉంది, ప్రేమ ఎక్కువై వచ్చే అలుక అది.

ప్రవాసం: ఒకరు దూరదేశం వెళ్లడం. కాళిదాసు మేఘదూతం దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. శాపం వల్ల ఏడాది పాటు రామగిరి మీద ఉండాల్సి వచ్చిన యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపుతాడు. దూరానికి గడువు ఉంది. ఏడాది అనే ఆ లెక్క ఉన్నందువల్లే అది శృంగారంలో నిలిచింది.

కరుణ విప్రలంభం: దీనికి విడిగా ప్రశ్నే వేయాలి.

ప్రియుడో ప్రియురాలో చనిపోతే అది శృంగారమా, కరుణమా?

మళ్లీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే శృంగారం, లేకపోతే కరుణం, అంటే శోకం నుంచి పుట్టే రసం. ఇంత తేలిక సూత్రం అలంకారశాస్త్రంలో అరుదు.

కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలో ఇందుమతి పోయాక అజుడు ఏడుస్తూ ఆమెను 'గృహిణీ సచివః సఖీ' అంటాడు: ఇల్లాలివి, మంత్రివి, చెలివి, కళల్లో ప్రియశిష్యురాలివి. భార్యలో ఎన్ని బంధాలు కలిసి ఉంటాయో చెప్పే గొప్ప మాట అది, కానీ ఆమె తిరిగి రాదు. కాబట్టి కరుణం.

బాణుడి కాదంబరిలో పుండరీకుడు చనిపోతాడు, ప్రియురాలు మహాశ్వేత విలపిస్తుంది. అప్పుడు మళ్లీ కలుస్తావన్న దివ్యవాణి వినిపిస్తుంది. ఆ మాట వినపడక ముందు కరుణం, వినపడిన క్షణం నుంచి శృంగారం అని పెద్దల తీర్పు. మనిషి అదే, కన్నీళ్లు అవే. మారింది ఆశ ఒక్కటే.

పరీక్షల్లో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఏడుపు కనిపించగానే కరుణం అని రాసేస్తారు.

ప్రేమ నిలుస్తుందా, వెలిసిపోతుందా అన్నదాన్ని బట్టి విభజన ఉందా?

ఉంది, అదీ రంగుల అద్దకం నుంచి తీసుకున్నది. సాహిత్యదర్పణంలోనే పూర్వరాగాన్ని మూడు రంగులుగా చెప్పారు. రాగమనే మాటకు రంగు, అనురాగం రెండూ అర్థాలే కాబట్టి పోలిక బయటినుంచి తెచ్చి అతికించినట్టు ఉండదు.

నీలీరాగం: నీలిమందు రంగు. పైకి పెద్దగా మెరవదు, కానీ పోదు. దీనికి ఉదాహరణగా సీతారాములను చెప్పారు.
కుసుంభరాగం: కుసుమపువ్వు రంగు. చూడగానే ధగధగలాడుతుంది, నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది.
మంజిష్ఠారాగం: మంజిష్ఠ వేరు ఎరుపు. మెరుస్తుంది, పోదు కూడా.

ఏ కథ చదివినా ఈ మూడు రంగులూ పట్టి చూడవచ్చు. 'కూరిమి గల దినములలో నేరము లెన్నడును కలుగ నేరవు' అని సుమతీ శతకం చెప్పింది కుసుంభం గురించే. ఆ కూరిమి విరసమైతే కనిపించేవన్నీ నేరాలే అంటుంది రెండో సగం. ఒక చిన్న హెచ్చరిక: ఈ విభజన ప్రేమ ఎంత నిలకడైనదో చెబుతుంది, ఎంత మంచిదో చెప్పదు.

ఒకవైపు ప్రేమను పాతకవులు ప్రేమగా లెక్కించారా?

లెక్కించారు, కానీ వేరే గదిలో పెట్టారు. రతి ఇద్దరిలోనూ లేనప్పుడు అది రసం కాదు, రసాభాస అన్నారు. రసంలా కనిపిస్తుంది, పూర్తిగా కాదు. కవి తప్పు చేశాడని దీని అర్థం కాదు, సన్నివేశం స్వభావం అది.

అల్లసాని పెద్దన మనుచరిత్ర దీనికి నిలువెత్తు ఉదాహరణ. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, మంచుకు ఆ లేపనం కరిగిపోయి తిరిగి రాలేక, వరూధినిని దారి అడుగుతాడు. 'ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ' అని అతని ప్రశ్న. 'ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర' అని ఆమె జవాబు. ఇంతంత కళ్లు పెట్టుకుని దారి ఇంకొకరిని అడుగుతావేం అంటుంది. అతని మాటలో ఇల్లు చేరాలన్న తొందర, ఆమె మాటలో సరసం. ఒకరి వాక్యానికి మరొకరి వాక్యం జవాబే కాదు. రెండు పద్యాల్లోనే ఈ ప్రేమ ఒకవైపే నడుస్తుందని తేలిపోయింది.

పెద్దన అక్కడితో ఆగడు. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి వెళ్లిపోయాక, వరూధిని అంతకుముందు కాదన్న గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. ఆమె సంతోషం నిజం, ఎదురుగా ఉన్న మనిషి అబద్ధం. దీన్ని సంభోగం అనాలా, ఆభాస అనాలా అన్న తగువు ఎన్నాళ్లైనా సాగుతుంది. మా మొగ్గు ఆభాస వైపే, ఎందుకంటే ఆమె రతికి ఆలంబనమైన వ్యక్తి, అంటే ఆ ఇష్టం ఎవరి మీదో ఆ మనిషి, అక్కడ లేడు.

తమిళ సంగకవిత్వంలో ప్రేమను నేలతో ముడిపెట్టారంటారు. అదెలా?

ప్రాచీన తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం లోపలి జీవితానికి సంబంధించిన కవిత్వాన్ని అగం అని పేరుపెట్టి, అందులో ప్రేమదశ ఒక్కోదానికి ఒక్కో నేల కేటాయించింది. కొండ (కురింజి) అంటే కలయిక, వేళ అర్ధరాత్రి. అడవి (ముల్లై) అంటే ఓపికగా ఎదురుచూపు, వేళ సాయంత్రం. పొలాలు (మరుదం) అంటే అలుక, భర్త వేరే ఇంటినుంచి తెల్లవారుజామున తిరిగొచ్చాక. సముద్రతీరం (నెయ్‌దల్) అంటే బెంగ. ఎండిన బీడు (పాలై) అంటే ఎడబాటు, ప్రయాణం, మండే మధ్యాహ్నం.

ఇది తెలిస్తే చదివే పద్ధతే మారుతుంది. పద్యంలో ప్రేమ అన్న మాటే ఉండకపోవచ్చు. ఎండలో నీడ లేని దారి, ఆకలిగొన్న ఏనుగు కనిపిస్తే చాలు, ఎవరో విడిపోతున్నారని పాఠకుడికి అర్థమైపోతుంది. ఈ ఐదింటికీ అటూ ఇటూ రెండు ఉన్నాయి: కైక్కిళై, అంటే ఒకవైపు ప్రేమ, పెరుందిణై, అంటే పొంతన లేని ప్రేమ. వాటికి మాత్రం నేల ఇవ్వలేదు. వరూధినికి మనవాళ్లు ఇచ్చిన చోటు గుర్తుకు రాకుండా ఉంటుందా?

కురుంతొగై అనే సంగకాలపు పద్యసంకలనంలో నలభయ్యో పద్యం చిన్నది. నీ తల్లికీ నా తల్లికీ ఏం సంబంధం, నీ తండ్రీ నా తండ్రీ ఏ వరస, మనమెలా ఎరుగుదుం, అయినా ఎర్రనేల మీద పడ్డ వాననీరులా మన మనసులు కలిసిపోయాయి అంటాడు ప్రియుడు. నీరు ఎరుపెక్కుతుంది, మళ్లీ విడదీయలేం. కవి పేరు మిగల్లేదు. ఆ పోలికనే పేరుగా చేసి ఆయన్ని సెంబులప్పెయనీరార్ అంటున్నారు.

భక్తి కూడా ప్రేమ కిందికే వస్తుందా?

పండితులే ఒక మాట మీద లేరు. మమ్మటుడి కావ్యప్రకాశం ప్రకారం దేవుడి మీద ఉండే రతి భావం మాత్రమే, రసస్థాయికి రాదు. 16వ శతాబ్దంలో రూపగోస్వామి దీన్ని తిరగేసి, భక్తే అసలు రసమని చెప్పి ఐదుగా విడదీశాడు: శాంతం, దాస్యం, సఖ్యం, వాత్సల్యం, మాధుర్యం. ఈ ఐదూ కూడా దూరాన్ని బట్టి వేసినవే. శాంతంలో దేవుడు అందనంత ఎత్తున ఉంటాడు, మాధుర్యంలో ఆ దూరం పూర్తిగా చెరిగిపోతుంది.

మన దగ్గర ఉదాహరణలకు కొదవ లేదు. 'మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే మదనములకు' అనే ప్రహ్లాదుడి సీసంలో ఇంకోదాని వైపు పోలేకపోవడమే ప్రేమకు గుర్తు. మదనం అంటే ఇక్కడ ఉమ్మెత్త, మన్మథుడు కాదు. ఈ ఒక్క మాట తప్పుగా చదివితే పద్యం తలకిందులవుతుంది.

అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీదే అధ్యాత్మ, శృంగార సంకీర్తనలని వేరుచేసి పెట్టారు. 'ఏమొకో చిగురుటధరమున యెడనెడఁ గస్తూరి నిండెను' శృంగారం. మాట్లాడేది చెలికత్తెలు. ఆమె పెదవి మీద అక్కడక్కడా కస్తూరి మరక చూసి, విభుడికి రాసిన ఉత్తరం కాదు కదా అని ఆటపట్టిస్తారు. చివరికి వేంకటేశుడి పేరు వచ్చిందని చెప్పి పాటంతా జీవాత్మ పరమాత్మల లెక్కలోకి తోసేస్తే ఆ చెలుల నవ్వు పోతుంది. రెండు అర్థాలనూ ఉండనివ్వండి, మొదటిదాన్ని దాటేయకండి.

తల్లిప్రేమ, స్నేహం సంగతి?

భరతుడి ఎనిమిది రసాల్లో వాత్సల్యం లేదు. విశ్వనాథుడు దాన్ని విడి రసంగా ఒప్పుకున్నాడు. స్నేహానికి ప్రత్యేక రసం లేదు కానీ, భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి తెలుగు చాలు:

మొదలు చూచినఁ గడు గొప్ప పిదపఁ గురుచ
ఆది కొంచెము తర్వాత నధిక మగుచు

చెడ్డవాడి చెలిమి ఉదయపు నీడ, పొడుగ్గా మొదలై కురచవుతుంది. మంచివాడిది మధ్యాహ్నం తర్వాతి నీడ.

గ్రీకుల విభజనతో మనది పోల్చవచ్చా?

పోల్చవచ్చు, కానీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఈరోస్ అంటే కోరిక, ఫిలియా అంటే చెలిమి, స్టోర్గే అంటే కుటుంబ మమకారం, అగాపే తర్వాత క్రైస్తవ రచనల్లో నిరపేక్షమైన ప్రేమ అన్న అర్థం తెచ్చుకుంది. అవి బంధాన్ని బట్టి పెట్టిన పేర్లు. మనవి ఒకే బంధంలో వచ్చే దశలకు పెట్టిన పేర్లు. ఫిలియా అంటే మానమా ప్రవాసమా అని అడిగితే జవాబుండదు.

శరీరం దగ్గర మాత్రం రెండూ ఆశ్చర్యంగా కలుస్తాయి. లెస్బోస్ ద్వీపపు కవయిత్రి సాఫో 31వ ఖండికలో ప్రియమైన మనిషిని చూడగానే నాలుక పడిపోవడం, చెమట, వణుకు, గడ్డికన్నా పాలిపోవడం వరుసగా చెబుతుంది. మన ఎనిమిది సాత్త్వికభావాల, అంటే మనసులోని భావం ఒంటి మీద బయటపడే గుర్తుల, జాబితా పక్కన పెట్టండి: స్వరభంగం, స్వేదం, వేపథువు, వైవర్ణ్యం. నాలుగూ ఉన్నాయి.

అష్టవిధ నాయికలంటే ఎనిమిది రకాల ఆడవాళ్లా?

కాదు, ఒకే మనిషి ఎనిమిది పరిస్థితులు. సాయంత్రం ముస్తాబై ఎదురుచూస్తే వాసకసజ్జిక, అతను ఆలస్యం చేస్తే విరహోత్కంఠిత, రానే రాకపోతే విప్రలబ్ధ, తెల్లారి మరో స్త్రీ గుర్తులతో వస్తే ఖండిత, తిట్టి పంపేశాక బాధపడితే కలహాంతరిత. ఒక్క రాత్రిలోనే ఐదు. మిగతా మూడు: భర్త తన చెప్పుచేతల్లో ఉన్న స్వాధీనపతిక, ప్రియుణ్ణి వెతుక్కుంటూ తానే వెళ్లే అభిసారిక, భర్త దూరదేశం వెళ్లిన ప్రోషితభర్తృక. క్షేత్రయ్య పదాలు పాడేవాళ్లకు ఇది తెలియకపోతే ఖండిత పదాన్ని వాసకసజ్జికలా తీయగా పాడేస్తారు.

ప్రేమలో అసూయను ఆడగొంతుతో చెప్పిన ప్రాచీన కావ్యం ఉందా?

18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత తట్టుకోలేకపోతుంది. ఈర్ష్యామానమే, కానీ కారణం తను చేసిందే.  బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దీన్ని తిరిగి అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి, రోజుకు ఎంత చదవాలి?

హాలుడి గాథాసప్తశతి అనువాదంతో మొదలుపెట్టండి. ఏడు వందల ప్రాకృత గాథలు, ఒక్కొక్కటీ రెండే పంక్తులు. రోజుకు మూడు మించొద్దు. పేరు చెప్పని పల్లెటూరి మనుషులు మాట్లాడుతుంటారు కాబట్టి ఎవరు, ఎవరితో, ఎంత దూరం అన్న ప్రశ్నలకు మంచి సాధన. తర్వాత పోతన రుక్మిణీకల్యాణం, ఆపైన తిమ్మన మొదటి ఆశ్వాసం. పెద్దన కాస్త ఆగి.

పద్యం చదివేటప్పుడు ముందు ఒకసారి పైకి చదవండి, అర్థం కోసం కాదు, సంధులు ఎక్కడ విరుగుతాయో చెవికి తెలియడానికి. రెండోసారి క్రియను వెతకండి, తరచు చివర ఉంటుంది. దానికి కర్త ఎవరో పట్టుకున్నాక విశేషణాలు ఒక్కొక్కటిగా వాటి చోట కూర్చుంటాయి. నిఘంటువు మూడోసారికి తీయండి. మొదటే తీస్తే ప్రతి మాటకూ అర్థం తెలుస్తుంది, ఎవరు ఎవరిమీద అలిగారో మాత్రం తెలియదు.